ఓవర్‌డోస్ మీద అవగాహన సభ: ఎవరినీ తలదించుకోనివ్వకుండా, అందరికీ ప్రాణం కాపాడటం నేర్పేలా ఎలా నడపాలి

"మా కాలేజీలో ఓవర్‌డోస్ గురించి ఒక కార్యక్రమం పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఆగస్టు 31 అంతర్జాతీయ ఓవర్‌డోస్ అవగాహన దినం కాబట్టి ఆ తేదీ దగ్గరపడేకొద్దీ ఈ ప్రశ్న ఇంకా ఎక్కువ వస్తుంది. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

మామూలుగా ఇలాంటివి ఎలా జరుగుతాయో చూసే ఉంటారు. ఒక ర్యాలీ, ఒక ప్రతిజ్ఞ, పుర్రెబొమ్మ ఉన్న పోస్టర్, వేదిక మీద నలుగురు పెద్దలు యువత చెడిపోతోందని బాధపడటం, ఆ తర్వాత ఫొటోలు దిగి ఇంటికి వెళ్లిపోవడం. ఆ హాల్లో నిజంగానే మత్తుమందు వాడుతున్న కుర్రాడు కూర్చుని ఉంటే వాడు మరింత ముడుచుకుపోతాడు. వాళ్లమ్మ వచ్చి ఉంటే చివరి వరసలో కళ్లు దించుకుని కూర్చుంటుంది. ఆ సభ అవసరమైంది వాళ్లిద్దరికే, ఏమీ దక్కకుండా వెళ్లిపోయేదీ వాళ్లిద్దరే.

కాబట్టి కింద చెప్పేదంతా వాళ్లిద్దరినీ మనసులో పెట్టుకుని చదవండి.

1. లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి

"మత్తు లేని సమాజం" లాంటిది పెట్టుకోవద్దు, ఒక్క సాయంత్రంలో అయ్యే పని కాదది. నేనైతే ఇలా రాసుకోమంటాను: "ఈ సభకి వచ్చిన ఎవరైనా సరే, రేపు అర్ధరాత్రి పక్కమనిషి ఊపిరి మందగిస్తే గుర్తుపట్టాలి, భయపడి దాచకుండా అంబులెన్స్ పిలవాలి, అది వచ్చేదాకా ఆ మనిషిని బతికించుకోవాలి."

ఎందుకంటే హెరాయిన్, మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ మందులు (నల్లమందు కోవకి చెందినవి) మోతాదు మించితే మెదడులో శ్వాసని నడిపించే భాగాన్ని నెమ్మదింపజేస్తాయి, ఊపిరి తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది, ఇది చాలాసార్లు చిటికెలో జరిగిపోదు, కొన్ని నిమిషాల నుంచి ఒక్కోసారి గంటల దాకా పడుతుంది. అంటే కాపాడటానికి టైమ్ ఉంటుంది. చాలా సందర్భాల్లో పక్కన మనిషి కూడా ఉంటాడు. ఫోన్ చేస్తే పోలీసులొస్తారేమో, ఇంట్లో తెలిసిపోతుందేమో, పరువు పోతుందేమో అన్న టెన్షన్‌లోనే ఆ కాస్త టైమూ కరిగిపోతుంది.

సమాజంలో ఉన్న చిన్నచూపు నేరుగా ప్రాణం తీసేది సరిగ్గా ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌తో చనిపోయినవాళ్లు సుమారు 1,25,000 మంది. సమయానికి సాయం అందితే ఇది చాలావరకు ఆపగలిగే చావు.

2. ఎవరిని పిలవాలో తేల్చుకోండి

ఓవర్‌డోస్ అనగానే చీకటి సందు, సూది గుర్తొస్తాయి. ఆ బొమ్మని పిలుపులోనే చెరిపేయాలి. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నొప్పిమాత్రలకి అలవాటుపడినవాళ్లు ఉంటారు. నిద్రమాత్ర వేసుకుని దానిమీద మద్యం తాగేవాళ్లు ఉంటారు. పొద్దున మాత్ర వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్లీ వేసుకునే ముసలివాళ్లు, ఇంట్లో మందుల డబ్బా తెరిచిన చిన్నపిల్లలు, వీళ్లందరికీ ఇది జరగొచ్చు.

అందుకని పిలుపులో "డ్రగ్స్ వాడేవారి కుటుంబాలకు" అని రాయకండి, అలా రాస్తే ఎవరూ రారు, వచ్చినవాళ్ల మీద ముద్ర పడుతుంది. "మందులు, మత్తుపదార్థాలు మోతాదు మించితే ప్రాణం ఎలా కాపాడాలి: అందరికీ శిక్షణ" అని రాయండి. శిక్షణ అంటే ఎవరైనా రావచ్చు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు.

పాతిక ముప్పై మంది మించకపోతే మంచిది. రెండొందల మందిని కూర్చోబెడితే అది ఉపన్యాసం అయిపోతుంది, చేత్తో చేసి నేర్చుకోవడం కుదరదు.

3. మూడు వారాల ముందు నుంచి చేయాల్సిన పనులు

ఇది చప్పగా అనిపించినా సగం పని ఇక్కడే ఉంది. వాయిదా వేయకుండా ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ వెళ్లండి.

☐ మీ ప్రాంతపు అంబులెన్స్ నంబర్, విషప్రభావాలకి సలహా ఇచ్చే హెల్ప్‌లైన్ ఉంటే దాని నంబర్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ తెచ్చుకోండి. ప్రతి నంబర్‌కీ మీరే ఫోన్ చేసి పనిచేస్తోందో లేదో చూడండి. పనిచేయని నంబర్ పంచడం కంటే ఏమీ పంచకపోవడం నయం.

☐ నాలక్సోన్ మీ దగ్గర ఎలా దొరుకుతుందో కనుక్కోండి. ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కి ఇదే విరుగుడు. ముక్కులో కొట్టే స్ప్రేగా, ఇంజెక్షన్‌గా రెండు రకాలుగా ఉంటుంది. అమెరికాలో 2023 నుంచి స్ప్రేని డాక్టర్ చీటీ లేకుండానే కొనుక్కోవచ్చు. ఒక్కో దేశంలో రూల్ ఒక్కోలా ఉంటుంది కాబట్టి మందుల షాపులో, ఆసుపత్రిలో రెండుచోట్లా అడగండి.

☐ సాయం కోసం ఫోన్ చేసినవాళ్లకి చట్టం ఎంత రక్షణ ఇస్తుందో ఒక లాయర్‌ని అడిగి రాయించుకోండి. కొన్నిచోట్ల ఓవర్‌డోస్ అయిన మనిషి కోసం ఫోన్ చేసినవాళ్ల మీద చిన్న కేసులు పెట్టకూడదని చట్టమే ఉంది, కొన్నిచోట్ల లేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి, లేని భరోసా ఇవ్వొద్దు.

☐ చికిత్స ఎక్కడ దొరుకుతుంది, ఫీజు ఎంత, వివరాలు గోప్యంగా ఉంచుతారా అన్నవి స్వయంగా వెళ్లి చూసి రండి. గొలుసులు, కొట్టడం, ఫోన్ లాక్కుని గదిలో పెట్టడం లాంటివి జరిగే సెంటర్ల పేరు పొరపాటున కూడా ఇవ్వకండి.

☐ ఒక డాక్టర్‌నో నర్సునో శిక్షణ భాగానికి ఒప్పించండి. ఒక కౌన్సెలర్‌ని సభ జరిగినంతసేపూ హాల్లోనే ఉండమనండి, మాట్లాడక్కర్లేదు, ఉంటే చాలు.

☐ చోటు: గ్రంథాలయం, కమ్యూనిటీ హాల్, కాలేజీ గది. పోలీస్ స్టేషన్ వద్దు. పక్కన ఒక చిన్న గది ఖాళీగా ఉండాలి, ఎవరైనా తట్టుకోలేకపోతే వెళ్లి కూర్చోవడానికి.

☐ రిజిస్టర్‌లో పేర్లు, ఫోన్ నంబర్లు రాయించుకోవద్దు. స్పాన్సర్‌కి లెక్క కావాలంటే తలలు లెక్కపెట్టి ఇవ్వండి.

4. వేదిక మీద వాడే మాటలు ముందే సరిచూసుకోండి

మాటల దగ్గర ఏముంది, మనసు మంచిదైతే చాలు అంటారు కొందరు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో 500 మందికి పైగా మానసిక ఆరోగ్య నిపుణులకి ఒకే రోగి వివరాలు ఇచ్చారు, తేడా ఒక్కటే, సగం మందికి ఇచ్చిన కాగితంలో అతన్ని మత్తుమందుల్ని "దుర్వినియోగం చేసేవాడు" అని రాశారు, మిగతా సగానికి అతనికి "మత్తుపదార్థాల వాడక రుగ్మత ఉంది" అని రాశారు. మొదటి కాగితం చదివినవాళ్లు అతనిదే తప్పనీ, శిక్షలాంటి చర్య కావాలనీ ఎక్కువగా మొగ్గారు. చదువుకున్న నిపుణులే ఇలా ఉంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

మాట్లాడే ప్రతి ఒక్కరికీ ఈ చీటీ వారం ముందే పంపండి:

- "డ్రగ్స్‌కు బానిస" అనొద్దు. "డ్రగ్స్ వాడే వ్యక్తి", "వ్యసనంతో ఇబ్బందిపడుతున్న మనిషి" అనండి.
- "చెడిపోయాడు", "చెడు తిరుగుళ్లు" అనొద్దు. ఏం జరిగిందో అంతే చెప్పండి: "రెండేళ్లుగా వాడుతున్నాడు."
- "ఇప్పుడు శుభ్రంగా ఉన్నాడు" అనొద్దు, నిన్నటిదాకా మురికి అన్నట్టు ఉంటుంది. "మానేసి కోలుకుంటున్నాడు" అనండి.
- "ఓవర్‌డోస్ చేసుకుని చచ్చాడు" అనొద్దు. "ఓవర్‌డోస్‌తో చనిపోయాడు" అనండి, గుండెపోటుతో చనిపోయినవాళ్ల గురించి ఎలా చెబుతామో అలాగే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ చీటీ మాట్లాడేవాళ్లకి మాత్రమే. ప్రేక్షకుల్లోంచి ఒక తండ్రి లేచి "మావాడు ఒట్టి తాగుబోతు సార్" అంటే ఆయన్ని సరిదిద్దకండి. ఆయన తన బాధని తనకొచ్చిన మాటల్లో చెప్పుకుంటున్నాడు. మీరు జవాబు చెప్పేటప్పుడు "మీ అబ్బాయి" అని పలికితే చాలు.

5. పోస్టర్ మీద ఏం ఉండాలి

సూది, పొడి, చెంచా, శవం, పుర్రె, సంకెళ్లు వద్దు. కోలుకుంటున్నవాళ్లకి ఆ సూది బొమ్మే మళ్లీ కోరిక పుట్టించవచ్చు, మిగతావాళ్లకి "ఇది మనలాంటివాళ్ల గొడవ కాదులే" అనిపిస్తుంది. ఊదారంగు ఈ అవగాహన దినానికి గుర్తు కాబట్టి ఆ రంగు వాడుకోండి. మధ్యలో లక్షణాలు నాలుగు, చేయాల్సినవి నాలుగు, అంబులెన్స్ నంబర్ పెద్దగా. గోడమీద ఏడాదంతా ఉన్నా పనికొచ్చేలా ఉండాలి.

6. అనుభవం ఉన్న మనిషిని మాట్లాడించేటప్పుడు

చిన్నచూపుని తగ్గించడంలో గణాంకాల కంటే, భయపెట్టడం కంటే ఎక్కువ పనిచేసేది ఇదే: ఆ దారిలో నడిచి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడటం. అయితే సరిగ్గా ఏర్పాటు చేయకపోతే ఆ మనిషికే దెబ్బ తగులుతుంది.

నిన్నగాక మొన్న మానేసిన వ్యక్తిని, బిడ్డని పోగొట్టుకుని ఇంకా తేరుకోని తల్లిని వేదిక ఎక్కించకండి, వాళ్లు సరేనన్నా సరే. ఆ క్షణంలో సరే అనడం తేలిక, మర్నాడు ఊరంతా తెలిశాక తట్టుకోవడం వేరు.

ఒప్పుకున్నవాళ్లతో ముందే కూర్చుని ఇవి మాట్లాడుకోండి:

☐ అసలు పేరుతో చెబుతారా, మారుపేరుతోనా?
☐ ఏ ప్రశ్నకి జవాబు ఇవ్వడం ఇష్టంలేదు? ఆ ప్రశ్న వస్తే అడ్డుకునేది ఎవరు?
☐ ఎంత వాడారు, ఎలా వాడారు, ఎక్కడ కొన్నారు అనేవి చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారా?
☐ ఫొటో, వీడియో లేవని హాల్లో ముందే ప్రకటిస్తారా?
☐ మధ్యలో ఆపేయాలనిపిస్తే ఏ సైగ చేస్తారు?
☐ ఆ రాత్రి, మర్నాడు ఎవరు ఫోన్ చేసి పలకరిస్తారు?
☐ డాక్టర్‌కి పారితోషికం ఇస్తుంటే వీళ్లకీ ఇస్తున్నారా? ఇవ్వాలి.

చెప్పే కథలో ఎక్కువ భాగం ఎవరు ఎలా సాయం చేశారు, ఏ మాట దూరం చేసింది, ఏ మాట దగ్గర చేసింది అన్నదాని మీద ఉంటే వినేవాళ్లకి చేయడానికంటూ ఏదో ఒకటి దొరుకుతుంది.

7. సభ నడిపే వరస (గంటన్నర)

చాలామంది ముందు చిన్నచూపు గురించి ఉపన్యాసం పెట్టి, చివర్లో టైమ్ ఉంటే ప్రథమ చికిత్స చూపిస్తారు. దీన్ని తిరగేయమని నేను గట్టిగా చెబుతాను. ముందు చేతులకి పని ఇవ్వండి. నేలమీద పడుకున్న మనిషిని పక్కకి ఎలా తిప్పాలో నేర్చుకుంటున్నవాళ్లకి "వీడు మంచివాడా చెడ్డవాడా" అన్న ఆలోచన రాదు, ఊపిరి ఆడుతోందా లేదా అన్నదే చూస్తారు. ఆ తర్వాత అనుభవం ఉన్న మనిషి మాట్లాడితే వింటారు.

*మొదటి 10 నిమిషాలు.* ఎందుకొచ్చామో చెప్పండి. ఇక్కడ విన్న ఏ మనిషి సంగతీ బయట చెప్పుకోకూడదని మాట తీసుకోండి. పక్కగది చూపించండి, కౌన్సెలర్‌ని పరిచయం చేయండి.

*తర్వాతి 40 నిమిషాలు: గుర్తుపట్టడం, కాపాడటం.* దీన్ని అస్సలు కుదించకండి.

ముందు గుర్తుపట్టడం. ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కి మూడు గుర్తులు కలిసి ఉంటాయి: లేపితే లేవకపోవడం, ఊపిరి బాగా తగ్గడం, కంటిపాప సూదిమొనంత చిన్నదైపోవడం. వీటికి తోడు గొంతులో గురగురమనే శబ్దం వస్తుంది. దీన్ని గురక అనుకుని "హమ్మయ్య, నిద్రపోతున్నాడు" అని వదిలేయడం వల్ల పోయే ప్రాణాలు ఉన్నాయి, కాబట్టి ఇది రెండుసార్లు చెప్పండి. పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి, నల్లటి ఒంటిమీద ఆ నీలం తెలియదు, బూడిదరంగులా కనిపిస్తుంది, అందుకని కింది పెదవి కొద్దిగా లాగి లోపలివైపు, గోళ్ల కింద చూడమనండి.

ఇప్పుడు జంటలుగా విడిపొమ్మని ఇవి వరసగా చేయించండి:

1. పిలవండి, కదపండి. పేరు పెట్టి గట్టిగా పిలవాలి. పలక్కపోతే పిడికిలి బిగించి కణుపులతో ఛాతీ మధ్య ఎముక మీద గట్టిగా రుద్దాలి. మత్తుగా ఉన్న మనిషైతే మూలుగుతాడు, చేయి తోసేస్తాడు. ఓవర్‌డోస్ అయిన మనిషి ఉలకడు పలకడు.

2. అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టుకోవాలి. ఏం చెప్పాలో తెలియక తడబడతారు కాబట్టి ఈ మాటలు అందరితో బయటికి అనిపించండి: "ఒక మనిషి స్పృహలో లేడు, ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. మేం ఫలానా చోట ఉన్నాం." అంబులెన్స్ బయల్దేరడానికి ఈ మాత్రం చాలు. ఏం తీసుకున్నాడో వచ్చిన వైద్య సిబ్బందికి దాచకుండా చెప్పాలి, చికిత్స దాని మీదే ఆధారపడి ఉంటుంది.

3. ఊపిరి చూడండి. చెంప నోటి దగ్గర పెట్టి, కళ్లు ఛాతీ మీద ఉంచి, పది సెకన్లు. ఐదు సెకన్లకి ఒక్కసారి కూడా ఊపిరి రాకపోతే ప్రమాదంలో ఉన్నట్టే.

4. నాలక్సోన్ ఉంటే ఇవ్వండి. స్ప్రే అయితే తల కొద్దిగా వెనక్కి వంచి, ఒక ముక్కురంధ్రంలోకి మొన పెట్టి, పూర్తిగా నొక్కేయాలి. పనిచేస్తుందో లేదో చూద్దామని గాల్లోకి కొట్టకూడదు, ఒక స్ప్రేలో ఒక్కటే డోస్ ఉంటుంది. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి మెరుగుపడకపోతే రెండోది ఇంకో రంధ్రంలో.

5. ఊపిరి సరిగ్గా ఆడకపోతే శ్వాస ఇవ్వండి. నోట్లో ఏమైనా ఉంటే తీసి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ఐదు సెకన్లకి ఒకటి చొప్పున నోట్లోకి ఊదాలి. ఛాతీ లేస్తే గాలి వెళ్తున్నట్టు. ఫోన్‌లో ఉన్న సిబ్బంది ఛాతీ నొక్కమంటే అది చేయాలి.

6. పక్కకి తిప్పండి. ఊపిరి ఆడుతూ స్పృహ లేకపోతే ఒక పక్కకి తిప్పి, పైమోకాలు మడిచి నేలకి ఆనించి, పైచేయి చెంప కింద పెట్టాలి. వాంతి వచ్చినా అది గొంతుకి అడ్డం పడదు.

7. వదిలి వెళ్లొద్దు. నాలక్సోన్ 30 నుంచి 90 నిమిషాలు పనిచేస్తుంది. ఆ మనిషి తీసుకున్న మత్తుమందు ప్రభావం అంతకంటే ఎక్కువసేపు ఉంటే మళ్లీ ఊపిరి ఆగొచ్చు. లేచి కూర్చుని "నాకేం కాలేదు, వెళ్తా" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

లేచిన మనిషి చెమటలు పట్టి, వాంతి చేసుకుని, కోపంగా తిట్టవచ్చు కూడా. ఒక్కసారిగా విత్‌డ్రాయల్ (అలవాటైన మందు అందకపోతే ఒంట్లో వచ్చే బాధలు) మొదలవడం వల్ల అలా ఉంటుంది. ఆ సమయంలో చీవాట్లు పెట్టొద్దు. "నీకు ఊపిరి ఆగిపోయింది, మందు ఇచ్చాం, అంబులెన్స్ వస్తోంది, నేనిక్కడే ఉన్నా" అని నెమ్మదిగా చెప్పాలి. ఈ వాక్యం కూడా జంటల్లో ఒకరికొకరు అనుకునేలా చేయండి. గదిలో మూడ్ మారిపోవడం మీరే చూస్తారు.

*ఐదు నిమిషాలు: వేరే మందుల సంగతి.* కొకైన్, మెథాంఫెటమిన్ లాంటి ఉత్తేజకాలైతే ఒళ్లు కాలిపోవడం, ఛాతీ నొప్పి, మూర్ఛ, విపరీతమైన కంగారు ఉంటాయి. అంబులెన్స్ పిలిచి, చల్లని ప్రశాంతమైన చోట ఉంచాలి, బోర్లా పడేసి పట్టుకోకూడదు. ఏం తీసుకున్నాడో తెలియకపోతే నాలక్సోన్ ఇవ్వొచ్చు, ఓపియాయిడ్ కాకపోతే అది పనిచేయదు, హానీ చేయదు. పారాసెటమాల్ మోతాదు మించితే మొదటి రోజు పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. దీని విరుగుడు 8 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెళ్లిపోవాలి.

*20 నిమిషాలు: అనుభవం ఉన్న మనిషి.* *15 నిమిషాలు: ప్రశ్నలు.*

8. చేయకూడనివి గోడమీద రాసి పెట్టండి

- చల్లటి నీళ్లు గుమ్మరించడం, షవర్ కింద పెట్టడం
- ఉప్పునీళ్లు, పాలు, కాఫీ తాగించడం, వేలు పెట్టి వాంతి చేయించడం
- చెంపలు వాయించడం, నడిపించడం
- "మత్తు దిగేదాకా పడుకోనీ" అని గదిలో ఒంటరిగా వదిలేయడం
- మత్తు దింపడానికని నాలక్సోన్ కాకుండా ఇంకో మందు ఇవ్వడం

వీటిల్లో ఏదో ఒకటి చేసినవాళ్లు హాల్లో ఉంటారు. "ఇలా చేసి చంపేస్తారు" అనకండి. "ఇంతకుముందు మనకి ఎవరూ నేర్పలేదు, ఇకనుంచి ఇది చేద్దాం" అనండి. ఎవరినైనా పోగొట్టుకున్న మనిషి ఆ మాటని జీవితాంతం మోస్తారు, అందుకని ఈ ఒక్క చోట ఆచితూచి మాట్లాడాలి.

9. ప్రశ్నలు చీటీల మీద తీసుకోండి

చేయెత్తి అడగమంటే అడగాల్సినవాళ్లు అడగరు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక చీటీ, పెన్ను ఇచ్చి, ప్రశ్న లేకపోయినా ఏదో ఒకటి రాసి డబ్బాలో వేయమనండి, అప్పుడు ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. ఇలా వచ్చిన చీటీల్లో ఒకటి నాకు బాగా గుర్తుంది: "మా చెల్లి తలుపు గడియ పెట్టుకుంటుంది. గడియ తీసేయమని ఎలా అడగాలి?" నోటితో ఈ ప్రశ్న ఆ హాల్లో వచ్చేది కాదు.

దాదాపు ప్రతిచోటా వచ్చే ప్రశ్నలు మూడు.

"నాలక్సోన్ దగ్గర పెట్టుకోమనడం అంటే వాడుకోమని చెప్పడమేగా?" కాదు. అది మత్తు ఇవ్వదు, ఉన్న మత్తుని దింపేస్తుంది, పైగా విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది, ఎవరూ సరదాకి కోరుకునేది కాదు. చికిత్స గురించి ఆలోచించాలన్నా ముందు మనిషి బతికుండాలి.

"గదిలో పెట్టి బలవంతంగా మాన్పిస్తే పోలా?" ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న, తీరిగ్గా జవాబు చెప్పండి. కొన్నాళ్లు మానేస్తే శరీరానికి ఆ మందుని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే అదే ఓవర్‌డోస్ అవుతుంది. జైలు నుంచో సెంటర్ నుంచో బయటికొచ్చిన మొదటి కొన్ని వారాలే అన్నిటికంటే ప్రమాదకరమైనవి. ఇంట్లోవాళ్లు "అమ్మయ్య, మానేశాడు" అని ఊపిరి పీల్చుకునే రోజులు కూడా అవే. మరి పనిచేసేవి ఏమిటంటే, మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందులతో (ఇవీ ఓపియాయిడ్లే, కోరికని, విత్‌డ్రాయల్‌ని అదుపులో ఉంచుతాయి) డాక్టర్ పర్యవేక్షణలో జరిగే చికిత్స. ఈ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. "ఒక మత్తు బదులు ఇంకో మత్తు" అని వీటిని తీసిపారేసేవాళ్లుంటారు, డాక్టర్ చేతే జవాబు చెప్పించండి.

"మావాడు వాడుతున్నాడని అనుమానం, ఎలా అడగాలి?" వాడు మత్తులో ఉన్నప్పుడు వద్దు, నలుగురిలో వద్దు. "నువ్వు ఏం చెప్పినా ఇంట్లోంచి పంపను, నాకు భయంగా ఉంది, ఒంటరిగా మాత్రం తీసుకోకు, ఏదైనా అయితే నన్ను లేపు" అని చెప్పడం మొదటి మెట్టు. ఒక్క సంభాషణలో అంతా తేలదు.

కావాలనే ఎక్కువ మాత్రలు మింగినవాళ్ల గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. ఎన్ని మాత్రలు, ఏ మాత్రలు అన్న చర్చలోకి వెళ్లనివ్వకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడిగినంత మాత్రాన ఎవరికీ ఆ ఆలోచన కొత్తగా పుట్టదని, మాత్రలు అందకుండా పెట్టాలని, మనిషిని ఒంటరిగా వదలకూడదని చెప్పి హెల్ప్‌లైన్ నంబర్ ఇంకోసారి చదవండి.

10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, అక్కడికక్కడే సర్దుకోవడం

ముఖ్య అతిథి మైకు తీసుకుని తిట్టడం మొదలుపెడితే: మధ్యలో ఆపలేరు. ఆయన కూర్చున్నాక "మన హాల్లో ఈ సమస్యతో ఉన్న కుటుంబాలూ ఉండొచ్చు, మీ అందరికీ ఇక్కడ చోటుంది" అని ఒక్క వాక్యం చెప్పి వెంటనే శిక్షణలోకి వెళ్లిపోండి. ఇంకా మంచిది, ముఖ్య అతిథిని పిలవకపోవడం.

ఎవరైనా ఏడిస్తే: మైకు వాళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి. కౌన్సెలర్ వెళ్లి పక్కన కూర్చుంటారు, మీరు కార్యక్రమం కొనసాగించండి.

విలేకరులు వస్తే: శిక్షణ భాగం వరకే రానివ్వండి. అనుభవాలు చెప్పేటప్పుడు కెమెరాలు బయట. మందు పేరు, మోతాదు, తీసుకున్న పద్ధతి వార్తలో రాయొద్దని, హెల్ప్‌లైన్ నంబర్ తప్పకుండా వేయమని కాగితం మీద రాసివ్వండి.

"మా దగ్గర ఈ సమస్యే లేదు" అని కాలేజీవాళ్లు ఒప్పుకోకపోతే: వాదించకండి. ప్రథమ చికిత్స శిక్షణ అని పేరు పెట్టి, పాముకాటు, గుండెపోటుతో పాటు దీన్నీ ఒక భాగంగా చేర్చండి. ఆ మాటకొస్తే ఇది ఉండాల్సిన చోటు అదే.

11. సభ అయిపోయాక

హాల్ వెంటనే ఖాళీ చేయకండి. కనీసం అరగంట కౌన్సెలర్, డాక్టర్ అక్కడే ఉండాలి, కుర్చీలు సర్దుతూ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే నిజమైన ప్రశ్నలు అప్పుడొస్తాయి, మీరు ఖాళీగా ఎదురుచూస్తూ నిలబడితే రారు, ఏదో పనిలో ఉంటే మెల్లగా దగ్గరికొస్తారు.

☐ వెళ్లేవాళ్లందరికీ పర్సులో పట్టే కార్డు ఇవ్వండి: లక్షణాలు, చేయాల్సినవి, నంబర్లు. వెనకవైపు ఫోన్‌లో చెప్పాల్సిన ఆ రెండు వాక్యాలు.
☐ వెళ్లేముందు పేరు లేకుండా రెండే ప్రశ్నలకి జవాబు రాయించుకోండి: "పక్కమనిషి లేవకపోతే మొదట ఏం చేస్తారు?" "ఫోన్ చేయడానికి ఇంకా ఏ భయం మిగిలి ఉంది?"
☐ మాట్లాడిన వ్యక్తికి ఆ రాత్రే ఫోన్ చేయండి.
☐ కౌన్సెలర్ ఏ రోజు, ఏ టైమ్‌లో, ఎక్కడ దొరుకుతారో పోస్టర్ మీద రాసి హాల్ గోడకే వదిలి రండి.
☐ ఆరు నెలలకోసారి శ్వాస ఇవ్వడం, పక్కకి తిప్పడం మళ్లీ చేయించండి. చేత్తో చేసేవి మర్చిపోతాం.
☐ ఎవరి దగ్గరైనా నాలక్సోన్ ఉంటే గడువు తేదీ చూసుకోమనండి, ఎండలో, కారులో వదిలేయొద్దని చెప్పండి.

రెండో ప్రశ్నకి వచ్చిన జవాబులన్నీ ఒకచోట కూర్చుని చదవండి. "పోలీసులు" అని ఎక్కువమంది రాస్తే వచ్చేసారి లాయర్‌ని ముందు మాట్లాడించండి. "ఇంట్లో తెలుస్తుంది" అని రాస్తే తల్లిదండ్రులకి విడిగా ఒక సభ పెట్టండి. "ఏం చెప్పాలో తెలియదు" అని రాస్తే ఆ ఫోన్ మాటలకి ఇంకో పది నిమిషాలు కేటాయించండి.